సార్ కుడిచెయ్యి

ఎనభైల మొదట్లో నేను అబుదాబిలో ఒక అమెరికా దంపతుల ఇంట్లో పనిచేసేదాన్ని. మాది కడప జిల్లా. పదో తరగతి దాకా చదివాను. ఇంట్లో తెలుగూ, ఉర్దూలాంటి మా తురకమూ రెండూ మాట్లాడేవాళ్ళం. మా ఆయన పోయాక ఇద్దరాడపిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. ఊళ్ళో వాళ్ళకు మాత్రం నేను దుబాయ్‌లోనే ఉన్నాను. అబుదాబి అని ఎన్ని ఉత్తరాలు రాసినా మా అమ్మ కవరు మీద దుబాయ్ అనే రాయించేది.

సార్‌కి అరవై ఏళ్ళుంటాయి. చమురు పనుల కంపెనీలో ఇంజనీరు. మేడమ్ సన్నగా, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండేది. వాళ్ళకొక్కడే కొడుకు, అమెరికాలో ఉండేవాడు. ఇంట్లో మేము ముగ్గురమే. బయటి పనులకు కంపెనీ డ్రైవరు వచ్చేవాడు. కరీంనగర్ వైపు మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. నన్ను చెల్లే అనేవాడు. ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే.

శుక్రవారం పొద్దున కాఫీ తాగాక సార్ వరండాలో కూర్చుని బాంజో వాయించుకునేవాడు. అది చూడ్డానికి డప్పుకు పొడుగాటి కర్ర బిగించినట్టు ఉండేది. మీద మేకతోలు. ఐదు తీగలు, అందులో ఒకటి పొట్టిది, కర్ర సగంలోనే మొదలయ్యేది. ఆయన తాతదట. మొదటిసారి చూసినప్పుడు సార్‌కి దాని మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను. తీగను అందరూ వేలికొసతో పైకి లాగుతారు కదా. ఆయన చెయ్యి ముడుచుకుని, గోరు వెనకవైపుతో పైనుంచి కిందికి కొట్టేవాడు. మొత్తం చెయ్యి దిగేది, లేచేది. వేళ్ళు విడివిడిగా కదిలేవే కావు.

డ్రైవరు అన్నకు అది బాంజో అంటే నమ్మకం లేదు. "గిది బెంజో ఎట్లయితది చెల్లే? బెంజోకు మీటలుంటయి. మా ఊర్ల భజనల నేను సూడలేదా? మీటలొత్తాలె, తీగలు గీకాలె. సార్‌కు ఎవరో తప్పు పేరు చెప్పి అంటగట్టిండ్రు" అనేవాడు. నేను నవ్వి నా పనిలో పడేదాన్ని. సంగీతంతో నాకేం పని?

ఎండలు ముదిరే రోజుల్లో సార్ పని దగ్గర పడిపోయాడు. పక్షవాతం. నెలన్నర ఆసుపత్రిలో ఉండి చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాడు. కుడికాలు, కుడిచెయ్యి పోయాయి. మాట కూడా పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది, "నో". ఆకలేసినా నో, నీళ్ళు కావాలన్నా నో, కొడుకు ఫోన్ చేస్తే రిసీవర్ చెవికి పెట్టినా నో. తను అనాలనుకున్నది వేరు, నోట్లోంచి వస్తున్నది వేరు అని ఆయనకు తెలుసు. ఆ మాట బయటికి రాగానే కళ్ళు మూసుకునేవాడు.

విమానంలో పంపడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుందని డాక్టర్లు చెప్పారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ వెళ్ళిపోతారు. నా వీసా సార్ పేరు మీద ఉంది. ఆయన వెళ్ళిపోతే నా పూచీ తీసుకునే ఇంకో యజమాని, కఫీల్, దొరకాలి, లేదా నేనూ ఇంటికి పోవాలి. ఆ సంగతి అడగడానికి చాలాసార్లు మేడమ్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె చేతిలో సార్ మందుల సీసానో, తడిగుడ్డో ఉండేది. ఏం కావాలని అడిగేది. ఏం లేదని తిరిగి వచ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున సార్ ఎడమచేత్తో అలమారా వైపు చూపించాడు. చొక్కా తెచ్చాం, నో. ఫైలు తెచ్చాం, నో. రేడియో, దుప్పటి, ఫోటోల పుస్తకం, బూట్లు. ఒక్కొక్కటీ తెచ్చి ఆయన ముందు పెట్టాం. నో, నో. చివరికి కుర్చీ చెయ్యి మీద పిడికిలితో కొట్టి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే ఎటు చూడాలో తెలియక నేను అలమారాలోకే చూశాను. అడుగున నల్లపెట్టె కనిపించింది.

మేడమ్ బాంజో తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఎడమచెయ్యి దానంతటదే కర్ర మీదికి పోయి తీగలను అదిమింది. ఎక్కడ అదమాలో దానికి తెలుసు. కానీ తీగను కొట్టే చెయ్యి దుప్పటి మీద పడి ఉంది. ఆయన అదుముతూనే ఉన్నాడు. వేళ్ళు జరుగుతున్నాయి, మారుతున్నాయి, శబ్దం లేదు. పాట మొత్తం అలాగే వాయించాడనుకుంటాను.

మేడమ్ పక్కన కూర్చుని తన చేత్తో కొట్టబోయింది. ఆమె వేళ్ళ కణుపులు వాచి ఉంటాయి, వంగవు. రెండుమూడుసార్లు ప్రయత్నించి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు సార్ నా వైపు చూశాడు. నేను బూట్లు తీసి అలమారాలో సర్దుతున్నాను. దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వెళ్ళాను. నా కుడి మణికట్టు పట్టుకుని తోలు మీద పెట్టాడు.

"నాకు రాదు మేడమ్" అన్నాను, వచ్చిన ఇంగ్లీషులో.

"ఆయనకు తెలుసు" అంది మేడమ్. "అయినా కూర్చో."

ఆయన కుడిపక్కన చిన్న స్టూల్ వేసుకుని కూర్చున్నాను. బాంజో గుండ్రం ఆయన కుడితొడ మీద, దిండు ఆనించి. నా ఎడమచేత్తో దాని అంచు పట్టుకోవాలి, కుడిచేత్తో కొట్టాలి. అదిమే పని ఆయనది. మేమిద్దరం కలిస్తే వాయించే మనిషి ఒకడు.

నేర్పే మనిషికి మాట లేదు, నేర్చుకునే మనిషికి ఏమీ తెలియదు. ఆయన ఎడమచేత్తోనే నా వేళ్ళు ముడిచి పెట్టాడు. గుడ్డు పట్టుకున్నంత వదులుగా. చూపుడువేలు కాస్త ముందుకు. బొటనవేలు పక్కకు. మణికట్టు మీద తట్టి, కొట్టు అన్నట్టు చూశాడు. కొట్టాను. కొట్టాననే అనుకున్నాను. నా వేలు తీగను పైకి లాగింది.

"నో."

మళ్ళీ చేశాను. మళ్ళీ పైకే పోయింది. పువ్వు తెంపినా, దారం లాగినా, పేనును పట్టినా వేలు లోపలికి వంగుతుంది కదా. ముప్పై ఏళ్ళ చెయ్యిని ఇప్పుడు వెనక్కి తిప్పమంటే అది వినలేదు. గోరుతో కిందికి కొడదామని చూస్తే రెండు తీగలు ఒకేసారి మోగాయి. మెల్లగా కొడితే గోరు తోలుకు తగిలి టక్కుమంది. ఆ రోజు ఎన్ని నోలు విన్నానో లెక్కలేదు.

నాలుగైదు రోజులకు గోరు తీగ మీద పడడం వచ్చింది. అప్పుడు తెలిసింది, అసలు కష్టం బొటనవేలిదని. చెయ్యి దిగినప్పుడు గోరు ఒక పొడుగు తీగను కొట్టాలి. అదే క్షణంలో బొటనవేలు పోయి ఆ పొట్టి తీగ మీద వాలాలి. వాలి ఊరికే ఉండాలి. చెయ్యి లేచేటప్పుడు అది మోగాలి. గోరు, బొటనవేలు. గోరు, బొటనవేలు. నా బొటనవేలికి ఆ తీగ ఎక్కడుందో తెలిసేది కాదు. ఒకసారి గాల్లో ఉండిపోయేది, ఒకసారి తొందరపడి ముందే మోగించేది. ఆయన నా బొటనవేలిని పట్టుకుని ఆ తీగ మీద పెట్టి, అక్కడే నొక్కి ఉంచేవాడు. వదిలితే మళ్ళీ మొదటికే.

వంటింట్లో కూరగాయల పలక మీద కొట్టుకునేదాన్ని. రొట్టెల పీట మీద, బకెట్ అంచు మీద. డ్రైవరు సామాన్లు దించుతూ చూసి, "గదేంది చెల్లే, చెయ్యికేమన్న గాలి సోకిందా?" అన్నాడు.

"సార్‌కి కుడిచెయ్యి అయితాండాన్నా" అన్నాను. "రాకుండా ఉంది. సచ్చిపోతాండా."

"నీకెందుకు గీ తిప్పలు? రాదని చెప్పు, ఖలాస్."

"ఎవరికి చెప్పేదన్నా? ఆ మనిషికి నో ఒక్కటే తెలుసు. దాన్ని నేను కూడా అంటే ఇంకేముంటాది?"

గోరు ఇంకో బాధ. గిన్నెలు, సబ్బునీళ్ళు, నేల తుడిచే మందు. నా గోళ్ళు నానిపోయి కాగితంలా ఉండేవి. కాస్త పెరగ్గానే మాడిన గిన్నె తోముతుంటే విరిగేది. మేడమ్ తన గోళ్ళరంగు సీసా తెచ్చి, రెండు పూతలు వేసుకుంటే గట్టిపడుతుందని ఇచ్చింది. అది గోరు మీద ఉంటే నీళ్ళు తగలవు, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ చెల్లదు, నమాజు చెల్లదు. అది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు. "ప్రేయర్ నో" అన్నాను. బాంజో వాయించడం మా మతంలో తప్పని అర్థమైందో ఏమో, ఆమె మొహం పాలిపోయింది. డ్రైవరు దుబాయ్ పోయినప్పుడు నైఫ్ బజారులో గోరింటాకు పొడి తెప్పించుకున్నాను. గోరింటాకైతే నీళ్ళను అడ్డుకోదు. అది వేళ్ళకు పెట్టుకుని, రబ్బరు తొడుగులతో గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. ఒకరోజు గోరు మళ్ళీ విరిగింది. సార్ నా వేలిని పట్టుకుని చూశాడు. తన చెయ్యినే చూసుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు.

నెల దాటాక ఒకరోజు అది వచ్చింది. ఎలా వచ్చిందో నేను చెప్పలేను. నా చేతి వైపు చూడడం మానేసి ఆయన ఎడమచేతి వేళ్ళను చూస్తున్నాను. అవి అదిమిన వెంటనే నా చెయ్యి దిగింది. అవి జారితే నేను ఆగాను. ఆ కర్ర మీద వీణకున్నట్టు మెట్లు లేవు కాబట్టి స్వరం గొంతులాగా జారుతుంది. ఒక పాట ముక్క, నత్తలా నడిచినా, చివరిదాకా నడిచింది. మళ్ళీ మొదలుపెట్టాం. మూడోసారికి సార్ గొంతులోంచి ఊఁ అని రాగం వచ్చింది.

నాలుగోసారి పాటతో పాటు మాటలు వచ్చాయి.

ఒకటి కాదు, రెండు కాదు. వరసగా ఒక చరణం. మేడమ్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఏదో గుర్రం గురించిన పాటట, తర్వాత చెప్పింది. నాకు అర్థం కాలేదు. నా చెయ్యి ఆగితే ఆయన ఆగిపోతాడని మాత్రం అర్థమైంది. అందుకని కొడుతూనే ఉన్నాను. బొటనవేలు తప్పింది. పాట ఆగింది. మేడమ్ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఏదీ, నా పేరు చెప్పు" అంది.

ఆయన నోరు తెరిచాడు. "నో."

ఆ రోజు నుంచి ఇంట్లో పని మారిపోయింది. గదులు తుడవకపోయినా ఫర్వాలేదు, వంట ఏదో ఒకటి చాలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నేను స్టూల్ మీద కూర్చోవాలి. బాగా కుదిరిన రోజు పాట వచ్చేది, పాటతో మాటలు వచ్చేవి. కుదరని రోజు ఏదీ లేదు. పాటలో మాటలు వచ్చినప్పుడల్లా మేడమ్ ఆపి, వాటిని మామూలుగా అనిపించాలని చూసేది. ఒక్కసారీ రాలేదు. డాక్టరు వచ్చి చూసి, తలలో పాట ఉండే చోటు వేరు, మాట ఉండే చోటు వేరు, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. ఆమె తలూపింది. ఆయన వెళ్ళగానే "ఇంకొక్కసారి వాయిద్దాం" అంది నాతో.

అంత పెద్ద విషయం నా బొటనవేలి మీద పెట్టారు. దానికేమో పొట్టి తీగ సగం సార్లే దొరికేది. కీలు దగ్గర వాచి, రొట్టె విరవడానికి కూడా నొప్పి. నొప్పి అంటే మానిపిస్తారని కాదు, వాళ్ళిద్దరి మొహాలు చూడాల్సి వస్తుందని చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఎంత కొట్టినా కుదరలేదు. పదోసారో, ఇరవయ్యోసారో బొటనవేలు తప్పగానే సార్ ఎడమచెయ్యి కర్ర మీంచి లేచి నా చేతి మీద ఫట్‌మని పడింది. గట్టిగానే కొట్టాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. నేనేం తప్పు చేశాను? రాని పని నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని వదిలి ఇంతదూరం వచ్చి, ఈ దెబ్బలేంటి అనుకున్నాను.

కాసేపటికి తిరిగి వెళ్ళాను. మేడమ్ పడుకుని ఉంది. నేను అంచు వదిలేశాను కదా, బాంజో ఆయన ఒళ్ళోంచి జారిపోతోంది. ఎడమచేత్తో కర్ర పట్టుకుని దాన్ని నిలపాలని చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి అలా పట్టుకుని ఉన్నాడో. పిలవడానికి నా పేరు ఆయనకు రాదు. నేను కూర్చుని అంచు పట్టుకున్నాను.

"నో" అన్నాడు, నెమ్మదిగా. నా చేతి మీద ఎర్రబడిన చోటును చూస్తూ మళ్ళీ "నో" అన్నాడు. అది దేనికో నాకు తెలిసింది.

చలికాలం మొదలయ్యేసరికి కంపెనీ టిక్కెట్లు పంపింది. వారం రోజుల్లో ఇల్లు పెట్టెల్లోకి పోయింది. నా సంగతి నేను అడగకుండానే మేడమ్ కంపెనీ ఆఫీసులో మాట్లాడింది. డ్రైవరు అన్నకు తెలిసిన వాళ్ళ ద్వారా, దుబాయ్ దాటాక వచ్చే ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో కుదిర్చారు. కాగితాలు మారాయి. కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను, ఎవరికి ముందు చెప్పాలో తెలియలేదు.

చివరి రోజు కూడా వాయించాం. పాట వచ్చింది, మాటలు రాలేదు. మేడమ్ బాంజో తీసుకుని పెట్టెలో పెట్టి కొక్కేలు బిగించింది. కారు దాకా నేనే కుర్చీ తోశాను. డ్రైవరు, నేను కలిసి ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టాక ఆయన నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు. ఎడమచెయ్యి కదా, మంచి బలముంది.

"యల్లా చెల్లే, టైమ్ అయితున్నది" అన్నాడు డ్రైవరు.

మేడమ్ ఏదో చెప్పింది. ఆయన వినలేదు. చివరికి నా ఎడమచేత్తో ఆయన వేళ్ళను ఒక్కొక్కటీ నేనే విప్పాను. నాలుగు వేళ్ళు, తర్వాత బొటనవేలు. తలుపు వేశాను. కారు మలుపు తిరిగే దాకా నిలబడి, లోపలికి పోయి ఖాళీ ఇల్లు తుడిచాను. తాళాలు అప్పగించే ముందు ఇల్లు శుభ్రంగా ఉండాలని చెప్పారు.

ఉమ్ అల్ క్వైన్‌లో పెద్ద సంసారం. రోజూ చేపలు వచ్చేవి, వాటిని శుభ్రం చెయ్యడం నా పని. గోరు విరిగితే ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. ఐదారు నెలల తర్వాత డ్రైవరు అన్న ఆ వైపు పని మీద వచ్చి ఒక ఉత్తరం ఇచ్చాడు. మేడమ్ కంపెనీ చిరునామాకు రాసింది. ఇంగ్లీషు. అక్షరాలు కూడబలుక్కోగలను గానీ అర్థం చేసుకోలేను. బజారుకు పంపినప్పుడు మందుల షాపుకు తీసుకుపోయాను. అందులో పనిచేసే ఆయన నెల్లూరు మనిషి.

ఆయన చదివి తెలుగులో చెప్పాడు. సార్ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడట. మాట రాలేదట. బాంజో తెమ్మని చూపిస్తున్నాడట. కొడుకు గిటార్ బాగా వాయిస్తాడట, పక్కన కూర్చుని కుడిచెయ్యి పెట్టాడట. సార్ ఆ చేతిని తోసేశాడట. ఇంకెవరో ఈ విద్య తెలిసినాయన్నే పిలిపించారట, ఆయన చేతినీ తోసేశాడట. "మీరిద్దరూ ఎలా చేసేవారో మాకు తెలియడం లేదు. నువ్వు చెప్పగలవా?" అని రాసింది.

నేను షాపు బల్ల పట్టుకుని నిలబడ్డాను. నేను మంచిగా వాయించానని కాదు. నాకంటే బాగా వచ్చిన వాళ్ళు అక్కడే ఉన్నారు. అయినా ఆయన అక్కడ కూర్చుని కుడిపక్కకు చూస్తున్నాడు. నేనిక్కడ చేపల వాసనతో ఉన్నాను. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. నేను పోలేను, ఆయన రాలేడు.

"జవాబు రాయాల్నా మా? చెప్పు, రాస్తాను" అన్నాడు ఆయన, కాగితం తీసి.

"రాయన్నా. కొడుకును తన చెయ్యి చూసుకోవద్దని చెప్పు. సార్ ఎడమచేతి వేళ్ళే చూడాల. అవి ఆనినాక కొట్టాల, ముందు గాదు. గోరుతో కిందికి. బొటనవేలు పొట్టి తీగ మీద పోయి వాలి, ఊరికే ఉండాల. సార్ జారిస్తే ఆగాల, ఆయన ఆగితే ఆగాల. కోపం చేసుకుంటే మళ్ళీ వచ్చి అంచు పట్టుకోవాల."

ఆయన పెన్ను పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. నేను బల్ల మీద చెయ్యి ముడిచి కొట్టి చూపించాను. మందు కొనడానికి వచ్చిన ఇద్దరు పఠాన్లు కూడా చూశారు.

"వాలి ఊరికే ఉండటాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదు మా" అన్నాడు ఆయన.

"నాకేం తెలుసన్నా."

కొనేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. నాకూ ఇంటికి పోయే వేళ దాటిపోతోంది. చివరికి ఆయన రెండు ముక్కలు రాశాడు. మేడమ్, నేను బాగున్నాను. బొటనవేలు ఆఖరున అని సార్ కొడుక్కి చెప్పండి. కింద నా పేరు నేనే తెలుగులో రాసి, కవరు అంటించి ఆయన చేతికే ఇచ్చాను, టపాలో వెయ్యమని. వేసే ఉంటాడు, మంచివాడు. నా దాకా జవాబు రాలేదు. కంపెనీ చిరునామాకు వచ్చిందేమో కూడా నాకు తెలియదు. ఆ ఏడాది చివర్న డ్రైవరు అన్న వీసాను కంపెనీ ముగించింది. అతను ఊరికి పోయాడు. నాకు ఉత్తరాలు తెచ్చిచ్చే మనిషి ఇంకెవరూ లేకపోయారు.